చికిత్సకు నాలుగు పాదాలు

మనిషి జీవితంలో కొన్ని నిర్ణయాలను వయస్సు చాలకముందే తీసుకోవలసి వస్తుంది. పదిహేడేళ్ళ ప్రాయంలో, లోకం ఇంకా కంటికి పూర్తిగా ఆనకముందే, రానున్న నలభై ఏళ్ళు చేయబోయే పనిని ఎంచుకోవడం అటువంటి నిర్ణయమే. జీవశాస్త్రం చదివే విద్యార్థులకు ఈ భారం మరికొంత ఎక్కువ. వారు ఎంచుకొనేది తమ బతుకుతెరువును మాత్రమే కాదు. రేపు తమ చేతులలోకి రాబోయే ఇతరుల ప్రాణాలు కూడా ఆ ఎంపికలో ఇమిడి ఉంటాయి. అయినా మన ఇళ్ళలో ఈ నిర్ణయం ఎంత తేలికగా జరిగిపోతుందో! బై.పి.సి.లో చేరిన నాడే బంధువులు ఆ పిల్లవాణ్ణి 'డాక్టరుగారూ' అని పిలవడం మొదలుపెడతారు. రెండేళ్ళపాటు ఆ పిలుపు ముద్దుగానే ఉంటుంది. ప్రవేశపరీక్ష ఫలితాలు వెలువడిన మరునాటి నుండి అదే పిలుపు ములుకులా గుచ్చుకుంటుంది.

నేను తెలుగు బోధించేవాణ్ణి. వైద్యవిద్యను గురించి ముచ్చటించడానికి నాకు గల అధికారమేమిటని ఎవరైనా అడగవచ్చు. దానికి నా దగ్గర రెండు సమాధానాలు ఉన్నాయి. ద్వితీయభాష తరగతిలో వారాంతపు ర్యాంకుల పోటీ ఉండదు. అందువల్ల విద్యార్థులు ఇతర అధ్యాపకులతో చెప్పుకోలేని మాటలను తెలుగు మాస్టారితో చెప్పుకుంటారు. ఇది మొదటిది. ప్రాచీన వాఙ్మయాన్ని పరిశీలించే పనిలో భాగంగా చరకసంహితను చదువుతున్నప్పుడు, ఈ పిల్లలు నన్ను అడిగే ప్రశ్నలకే జవాబు చెబుతున్నాయా అనిపించే రెండు ఘట్టాలు నాకు తటస్థపడినాయి. ఇది రెండవది.

అగ్నివేశుని తంత్రాన్ని చరకుడు ప్రతిసంస్కరించగా రూపొందిన గ్రంథం చరకసంహిత. దాని సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలు ఉంటాయని చెప్పబడింది. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి అనేవి ఆ నాలుగు. ఒక్కొక్క పాదానికి నాలుగేసి చొప్పున మొత్తం పదహారు గుణాలు కలిసినప్పుడే చికిత్స సఫలమవుతుంది. వైద్యునికి శాస్త్రపరిచయం, అనుభవం, దక్షత, శుచిత్వం ఉండాలి. రోగికి సైతం జ్ఞాపకశక్తి, చెప్పినట్లు నడుచుకొనే స్వభావం, ధైర్యం, తన బాధను వివరించి చెప్పగల నేర్పు కావాలి. ఇక పరిచారకునికి చెప్పిన గుణాలు ఆలోచింపదగినవి. ఉపచారం తెలిసి ఉండడం, దక్షత, రోగిపట్ల అనురాగం, శుచిత్వం అనేవి ఆ నాలుగు. వైద్యునికి చెప్పిన వాటిలో దక్షత, శుచిత్వం అనే రెండు గుణాలు పరిచారకునికీ యథాతథంగా కనిపిస్తాయి. అనురాగమనే గుణం మాత్రం ఆ పట్టికలో పరిచారకునికే ప్రత్యేకం.

వైద్యుడే ఈ నలుగురిలో ప్రధానమని చరకుడు స్పష్టంగానే చెప్పాడు. కుమ్మరి లేనిదే మట్టీ, కర్రా, సారే, దారమూ కుండ కాలేవన్నది ఆయన పోలిక. ఆ ప్రాధాన్యాన్ని కాదనవలసిన పని లేదు. అయితే మట్టి, సారె లేని కుమ్మరి కూడా చేతులు కట్టుకొని కూర్చోవలసినవాడే కదా! మూడు కాళ్ళ మంచం మీద రోగిని పడుకోబెట్టలేము. ఈ చిన్న సంగతిని మరచిపోవడం వల్లనే మన సమాజంలో ఆరోగ్యరంగమంటే ఎం.బి.బి.ఎస్. అనీ, అది దక్కకపోతే ఇక మిగిలింది ఓటమేననీ ఒక అభిప్రాయం పాతుకొనిపోయింది.

ఆ అభిప్రాయం ఎంత నిరాధారమో అంకెలే చెబుతాయి. 2024లో నీట్ పరీక్షను ఇరవై మూడు లక్షలకు పైగా విద్యార్థులు వ్రాశారు. దేశమంతటా ఉన్న ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షకు కొంచెం పైన. అంటే ప్రతి ఇరవై మందిలో ఒకరికి సీటు వస్తే, పందొమ్మిది మందికి రాదు. ఆ పందొమ్మిది మందీ అసమర్థులని తీర్మానించే సమాజం తన ఆసుపత్రులను ఎవరితో నడుపుకుంటుంది?

చరకసంహితలో నన్ను ఆకర్షించిన రెండవ ఘట్టం విమానస్థానంలో ఉన్నది. వైద్యుడు కాగోరే బుద్ధిమంతుడు మొదట కొన్ని విషయాలను తనలో తాను విచారించుకోవాలట. చేయబోయే పని బరువుతేలికలు, ఆ పనివల్ల కలిగే ఫలం, ఆ ఫలం వెంట వచ్చే అనుబంధం, దేశం, కాలం అనేవి అవి. వీటిని తెలుసుకొన్న తరువాతనే చదవదగిన శాస్త్రాన్ని పరీక్షించాలి. ఆ తరువాత ఆచార్యుని పరీక్షించాలి. గురువు శిష్యుణ్ణి పరీక్షించడం మనందరికీ తెలిసినదే. కాని శిష్యుడే ముందుగా శాస్త్రాన్నీ, గురువునూ పరీక్షించాలని ఇంత నిక్కచ్చిగా చెప్పడం విశేషం. ఈనాటి విద్యార్థి దరఖాస్తు పూర్తి చేయడానికి ముందు వేసుకోవలసిన ప్రశ్నలు కూడా ఇవే.

పని బరువు తేలికల సంగతి ముందు చూద్దాం. ఎం.బి.బి.ఎస్. నాలుగున్నర సంవత్సరాల చదువు. దానిపై ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్. స్పెషలిస్టు కావాలంటే మరో మూడేళ్ళు, ఆపైన సూక్ష్మశాఖలలో నైపుణ్యం కావాలంటే ఇంకొక మూడేళ్ళు. తోటివారు ఉద్యోగాలలో స్థిరపడి ఇళ్ళు కట్టుకొనే వేళకు వైద్యవిద్యార్థి ఇంకా పరీక్షలు వ్రాస్తూనే ఉంటాడు. దంతవైద్యం నాలుగేళ్ళు, ఇంటర్న్‌షిప్ ఒక ఏడాది. ఆయుర్వేదం, హోమియోపతి, యునానీ పట్టాలకూ అయిదున్నరేళ్ళు పడుతుంది. బి.ఎస్‌సి. నర్సింగ్ నాలుగేళ్ళు. బి.ఫార్మసీ నాలుగేళ్ళు, ఫార్మ్.డి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఆరేళ్ళు. ఫార్మసీ చదువులోకి ఎం.పి.సి. వారికీ ప్రవేశం ఉన్నదని చాలామందికి తెలియదు. ఫిజియోథెరపీ, మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ, రేడియాలజీ, డయాలసిస్, ఆప్టొమెట్రీ, శ్రవణవాక్చికిత్స మొదలైన శాఖలు ఇవి కాక ఉన్నాయి. ఇటువంటి వృత్తుల కోసం 2021లో పార్లమెంటు ఒక చట్టం చేసి, వాటిని పది వర్గాలుగా విభజించి, జాతీయస్థాయిలో ఒక సంఘాన్ని ఏర్పరచింది. ఒకప్పుడు 'ఇతర సిబ్బంది' అనే ఒక్క మాటలో ఒదిగిపోయినవారికి చట్టంలో ఒక పేరు, ఒక స్థానం లభించినాయి.

ఈ పేర్ల వెనుక ఉన్న పని ఎటువంటిదో నాకు మా ఇంట్లోనే తెలిసింది. మా నాన్నగారు ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు. భాగవతంలో ఏ ఘట్టం అడిగినా పుస్తకం చూడకుండా అప్పగించేవారు. 2009లో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి, కుడి కాలు పడిపోయినాయి. దానితోపాటు మాట కూడా పోయింది. మెదడులో ఎడమవైపున దెబ్బ తగిలితే శరీరంలో కుడిభాగం చచ్చుబడుతుందనీ, భాషకు సంబంధించిన కేంద్రాలు చాలామందిలో అటే ఉండడంవల్ల మాట కూడా పోతుందనీ వైద్యులు వివరించారు. సకాలంలో మందులిచ్చి ఆయన ప్రాణాన్ని నిలబెట్టినది వైద్యులే. వారి ఋణం తీరనిది. కాని పదిహేను రోజుల తరువాత ఇంటికి తీసుకొనివచ్చినప్పుడు మాకు మిగిలినది, నడవలేని, 'మంచినీళ్ళు' అనే మాట కూడా నోట రాని ఒక పండితుడు.

ఆ తరువాతి కథ మరి ఇద్దరిది. ఒకరు ఫిజియోథెరపీ చదివిన యువకుడు. ప్రతి ఉదయం వచ్చి, పడిపోయిన కాలిని ఎలా ఎత్తాలో, ఏ కీలును ఎంతవరకు వంచాలో, కుర్చీలో నుంచి లేచేటప్పుడు బరువును ఏ పాదం మీదకు మార్చాలో ఓపికగా నేర్పేవాడు. రెండవ వ్యక్తి వారానికి రెండు రోజులు వచ్చే వాక్చికిత్సకురాలు. అటువంటి విద్య ఒకటి ఉన్నదని మా ఊళ్ళో చాలామందికి అప్పటికి తెలియదు. ఆమె మొదట నాన్నగారి చేత అంకెలు చెప్పించింది. తరువాత వారాల పేర్లు చెప్పించింది. మామూలు మాటలు రాని నోటి నుంచి ఆదివారం, సోమవారం వరుసగా రావడం చూసి మేము నివ్వెరపోయాము. చిన్నప్పటి నుండి వల్లెవేసినవి, పాడుకొన్నవి మెదడులో మరొక దారిన నిలిచి ఉంటాయని ఆమె చెప్పింది. 'ఈయనకు బాగా కంఠస్థమైనవి ఇంకేమైనా ఉన్నాయా అండీ?' అని అడిగింది. నేను పోతన పద్యాలని చెప్పాను.

ఆమెకు పద్యాలు రావు. నా చేత వ్రాయించుకొని, పాదం మొదటి అక్షరాలను తాళం వేస్తూ పలికి, ఆగి, ఆయన ముఖం వంక చూసేది. మూడవ వారంలో ఒకనాడు నాన్నగారు ఆ పాదాన్ని పూర్తి చేశారు. గొంతు తడబడింది, ఒక అక్షరం జారిపోయింది, కాని యతి తప్పలేదు. ఆ పద్యాల మెట్ల మీదుగా ఆమె ఆయనను క్రమంగా 'నీళ్ళు', 'అన్నం', 'చాలు' అనే మాటల వద్దకు తీసుకొనివచ్చింది. ఆయన పూర్వపు మాట పూర్తిగా తిరిగి రాలేదు. అయితే తరువాత జీవించిన ఆరేళ్ళు ఆయన మాతో మాటాడుతూనే గడిపారు. ఆ పని నేర్పే పట్టాకు శ్రవణవాక్చికిత్సాశాస్త్రమని పేరు. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ళు. చదివినవారు భారత పునరావాస మండలిలో నమోదు కావాలి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో, నా విద్యార్థులలో దానిని ఎంచుకొన్నవారు ఇద్దరే.

పని తరువాత ఫలం. ఫలమంటే వేతనం ఒక్కటే కాదు, అలాగని వేతనం కాకుండా పోదు. ఈ విషయంలో పిల్లలకు నిజం చెప్పాలి. ప్రైవేటు ఆసుపత్రులలో నర్సులకు, సాంకేతిక నిపుణులకు తొలి సంవత్సరాలలో లభించే జీతం వారి శ్రమకు తగినట్లుగా ఉండదు. రాత్రి విధులు తప్పవు. పండుగనాడు ఇంట్లో ఉండడం కుదరదు. వీటిని దాచి, సేవాధర్మం పేరిట ప్రోత్సహించడం న్యాయం కాదు. వీటిని తెలుసుకొన్న తరువాత కూడా ఆ పనిపై మనస్సు నిలిచినవారే ఆ వృత్తికి అర్హులు.

అటువంటి విద్యార్థిని ఒకరు నాకు గుర్తున్నది. 2014లో ఇంటర్మీడియట్ పూర్తి చేసింది. మంచి మార్కులే వచ్చినాయి కాని, వైద్యకళాశాలలో ఉచితంగా సీటు వచ్చేంత ర్యాంకు రాలేదు. తండ్రికి మూడెకరాల మాగాణి ఉంది. అది అమ్మి యాజమాన్య కోటాలో చేర్పించాలని ఆయన పట్టుదల. అమ్మాయి నర్సింగ్ చదువుతానన్నది. ఇంట్లో పది రోజులపాటు పొయ్యి వెలిగినా ఎవరూ సరిగా భోంచేయలేదని తరువాత తెలిసింది. చివరకు ఇద్దరూ నా దగ్గరకు వచ్చారు.

'మాస్టారూ, మీరైనా చెప్పండి. నర్సు పనికి పంపితే రేపు దీనికి సంబంధం ఎవరిస్తారండీ?' అన్నాడాయన.

'సార్, మా నాయనమ్మ మంచంలో ఉన్న ఎనిమిది నెలలూ ఒంటిమీద పుండు పడకుండా చూసింది నేనే. రెండు గంటలకొకసారి పక్కకు తిప్పేదాన్ని. ఆ పని నాకు చేతనవును సార్,' అన్నది ఆ అమ్మాయి. కళ్ళలో నీళ్ళు లేవు. గొంతులో వణుకు లేదు.

నేను ఆ తండ్రిని ఒకటే అడిగాను. 'ఆ ఎనిమిది నెలలలో మీ అమ్మగారిని చూడడానికి డాక్టరుగారు ఎన్నిసార్లు వచ్చారండీ?'

'నాలుగైదుసార్లు వచ్చుంటారండీ.'

'మిగిలిన రోజులు?'

ఆయన జవాబు చెప్పలేదు. కూతురి వంక చూశాడు. మరి కాసేపటికి, 'పొలం అమ్మే పని లేదంటారా?' అన్నాడు. ఆమె ప్రభుత్వ కళాశాలలో బి.ఎస్‌సి. నర్సింగ్ చేసింది. రెండేళ్ళు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తక్కువ జీతానికి పనిచేసి, ఆ తరువాత ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేరింది. 2021లో కోవిడ్ రెండవ విజృంభణ నాటికి ఆమె ఉన్నది ఆక్సిజన్ వార్డులోనే. బంధువులను లోపలికి రానివ్వని ఆ రోజులలో రోగికి తల్లీ, చెల్లీ, మాట్లాడే మనిషీ అన్నీ ఆ నర్సులే. అనురాగాన్ని పరిచారకుని గుణంగా చరకుడు ఎందుకు చెప్పాడో నాకు ఆ ఏడాది అర్థమైంది.

మూడవది అనుబంధం. అంటే, ఒక పని ఫలం వెంట నీడలా వచ్చే పర్యవసానం. ఈ చదువు తరువాత ఏముంది అనే ప్రశ్న ఇది. నర్సింగ్‌లో డిప్లొమా చేసినవారు ఆగిపోనక్కరలేదు. రెండేళ్ళ పోస్ట్ బేసిక్ కోర్సుతో పట్టభద్రులు కావచ్చు. పట్టభద్రులు ఎం.ఎస్‌సి. చేసి ఆచార్యులు కావచ్చు. ఫార్మసీ చదివినవారు మందుల దుకాణానికి పరిమితం కారు. ఔషధాల తయారీ, నాణ్యత పరీక్ష, పరిశోధన వారి ముందున్న దారులు. అప్పు చేసి చదివితే ఆ అప్పు కూడా అనుబంధమే. ఇరవై అయిదేళ్ళ వయస్సులో నెత్తిన అప్పు మోస్తున్న వైద్యునికి రోగి రోగిగా కాక, వాయిదా సొమ్ముగా కనిపించే ప్రమాదం ఉన్నది.

పట్టా పేరు కంటే, ఆ పట్టా పొందిన మనిషి ఎక్కడికి నడిచాడన్నదే ముఖ్యమని నిరూపించిన మహనీయుడు మన తెలుగువాడే. యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్యకళాశాలలో చదువుతూ ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు, దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో తృప్తిపడవలసి వచ్చింది. సోదరులను స్ప్రూ అనే వ్యాధికి బలియిచ్చిన దుఃఖం ఆయన వెంటనే ఉన్నది. ఆయన అమెరికా చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేసుకుంటూ పరిశోధనలో అడుగుపెట్టాడు. శరీరంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతి, కండరాలకు శక్తినిచ్చే పదార్థాల ఆవిష్కరణ ఆ దశలో ఫిస్క్‌తో కలిసి సాధించినవి. తరువాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వాన ఫోలిక్ ఆమ్లం తయారైంది. సోదరులను బలిగొన్న వ్యాధికి ఉపకరించే మందు అది. పసిపిల్లల రక్తక్యాన్సర్‌పై తొలిసారిగా పనిచేసిన మందులు, బోదకాలు వ్యాధికి వాడే మాత్ర అక్కడి నుండే వచ్చినాయి. మన కోస్తా జిల్లాలలో ఇంటింటికీ తిరిగి పంచిన మాత్ర ఆ బోదకాలు మాత్రే. 1948లో మరణించేనాటికి ఆయన పేరు తెలిసిన రోగులు బహుశః చాలా తక్కువ. ఆయన మందు మింగినవారు కోట్లలో ఉన్నారు. నాలుగు పాదాలలో ఔషధమనే పాదాన్ని మోసినవాడాయన.

నాలుగవది దేశం. ఎక్కడ పనిచేయబోతున్నామన్నది చదువును ఎంచుకొనేటప్పుడే ఆలోచించాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కుంగదీసింది. 2023లో పలాసలో దానికై ప్రత్యేక ఆసుపత్రి కూడా ప్రారంభమైంది. డయాలసిస్ అవసరమైన రోగి వారానికి రెండు మూడుసార్లు, ప్రతిసారీ సుమారు నాలుగు గంటలపాటు యంత్రం పక్కన పడుకోవాలి. ఆ నాలుగు గంటలూ అతని నెత్తురు ఒక సాంకేతిక నిపుణుని అప్రమత్తత మీద ఆధారపడి ప్రవహిస్తుంది. ఆ ఊరి బిడ్డ ఒకరు ఆ విద్య నేర్చి అక్కడే నిలబడితే, అది ఏ పట్టాకు తక్కువ? హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ గ్రామీణ యువతకు శిక్షణ ఇచ్చి, పల్లెలలోని దృష్టికేంద్రాలలో వారిచేత కంటిపరీక్షలు చేయిస్తున్నది. కళ్ళజోడు లేక చదువు మానుకొన్న పిల్లవానికి ఆ పల్లె కేంద్రంలో పనిచేసే మనిషే మొదటి వైద్యుడు.

విదేశాలలో చదవాలనుకొనేవారు దేశవిచారం మరింత జాగ్రత్తగా చేయాలి. అక్కడి చదువు ఎంతకాలం, ఏ భాషలో, ఇంటర్న్‌షిప్ ఎక్కడ, తిరిగి వచ్చిన తరువాత ఇక్కడ వ్రాయవలసిన అర్హతపరీక్ష ఏది అని ముందుగా తెలుసుకోవాలి. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైనప్పుడు వేలాది భారతీయ వైద్యవిద్యార్థులు చదువు మధ్యలో విడిచి ప్రాణాలతో ఇంటికి చేరారు. వారిలో మన తెలుగు పిల్లలూ ఎందరో ఉన్నారు. యుద్ధాన్ని ఎవరూ ఊహించలేరు, నిజమే. కాని పుట్టిన ఊరికి అంత దూరాన, తెలియని దేశంలో, ఇంటిని తాకట్టు పెట్టి మొదలుపెట్టే ప్రయాణానికి ముందు తిరిగివచ్చే దారిని కూడా లెక్క వేసుకోవాలి.

అయిదవది కాలం. నీట్ మళ్ళీ వ్రాయాలా, వద్దా అనేది ఏటా ఎందరినో వేధించే ప్రశ్న. దీనికి అందరికీ ఒకే జవాబు లేదు. నాకు తెలిసిన ఒక విద్యార్థి స్వల్ప తేడాతో సీటు పోగొట్టుకొని, మరొక ఏడాది చదివి సాధించాడు. నేడు ఒక ఏజెన్సీ ప్రాంతపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారి. మరొకడు నాలుగేళ్ళు దీర్ఘకాలిక శిక్షణలో గడిపాడు. ప్రతి సంవత్సరం మార్కులు దాదాపు అక్కడే నిలిచినాయి. పండుగలకు ఇంటికి రావడం మానివేశాడు. చివరకు ఫార్మసీలో చేరి, ఇప్పుడు ఒక ఔషధ కర్మాగారంలో మాత్రల నాణ్యతను పరీక్షిస్తున్నాడు. 'ఈ పని నాకు నచ్చింది సార్. నాలుగేళ్ళ క్రితమే నచ్చేది,' అన్నాడు. ఆ మాటలో నింద లేదు, కాని నాకు ఆ నాలుగేళ్ళ బరువు వినిపించింది. మార్కులు ఏటేటా పెరుగుతున్నాయా, ఇంటి పరిస్థితి వేచి ఉండనిస్తుందా, మనస్సు ఆ ఒత్తిడికి తట్టుకొంటున్నదా అనే మూడు ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెప్పుకొని నిర్ణయించుకోవాలి.

ఇక ఆచార్యపరీక్ష. ఆచార్యునికి ఉండవలసిన లక్షణాలను చెబుతూ చరకుడు, శాస్త్రజ్ఞానంతోపాటు స్వయంగా పని చేసి చూసినవాడై ఉండాలనీ, ఉపకరణాలు గలవాడై ఉండాలనీ, శిష్యులపట్ల వాత్సల్యం గలవాడై ఉండాలనీ అంటాడు. శస్త్రవిద్య నేర్పిన సుశ్రుతుడు, కోత నేర్వవలసిన శిష్యుని చేత ముందు గుమ్మడి, సొర, దోస వంటి కాయల మీద సాధన చేయించమన్నాడు. కట్టు కట్టడం నేర్పడానికి గుడ్డతో చేసిన మనిషి బొమ్మను వాడమన్నాడు. సాధన లేని చదువు రోగికి అపాయమని వారికి బాగా తెలుసు. అందువల్ల కళాశాలను ఎంచుకొనేటప్పుడు భవనాన్ని చూడకూడదు, ఆసుపత్రిని చూడాలి. ఆ కళాశాలకు అనుబంధంగా ఆసుపత్రి ఉన్నదా? ఉంటే, అందులో రోగులు ఉన్నారా? ప్రయోగశాలలో యంత్రాలు పనిచేస్తున్నాయా? పాఠం చెప్పేవారు రోజూ వస్తున్నారా? ఈ ప్రశ్నలకు రంగురంగుల కరపత్రంలో జవాబు దొరకదు. అక్కడ మూడవ సంవత్సరం చదువుతున్న విద్యార్థిని అడిగితే దొరుకుతుంది.

అన్నింటికంటె ముందు చూడవలసినది గుర్తింపు. వైద్యవిద్యకు 2020 నుండి జాతీయ వైద్య కమిషన్, నర్సింగ్‌కు భారత నర్సింగ్ మండలి, రాష్ట్ర నర్సింగ్ మండలి, ఫార్మసీకి భారత ఫార్మసీ మండలి, పారామెడికల్ డిప్లొమాలకు రాష్ట్ర పారామెడికల్ బోర్డు ఉన్నాయి. పట్టాలకు విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం వంటి విశ్వవిద్యాలయాల అనుబంధం ఉండాలి. నా పూర్వవిద్యార్థిని ఒకరు ఒక పట్టణంలో, చూడముచ్చటైన బోర్డు ఉన్న ఒక సంస్థలో రెండేళ్ళు ల్యాబ్ టెక్నీషియన్ శిక్షణ పొందింది. ఉద్యోగానికి దరఖాస్తు చేసే రోజున ఆ ధ్రువపత్రాన్ని నమోదు చేయడం కుదరదన్నారు. ఆ సంస్థకు గుర్తింపే లేదు. తల్లి కుట్టుమిషన్ మీద సంపాదించిన రెండేళ్ళ ఫీజు అలా పోయింది. ఆ అమ్మాయి మళ్ళీ మొదటి నుండి చదివింది. గుర్తింపు పొందిన సంస్థల జాబితాను చూడడానికి ఒక పూట చాలు.

విద్యార్థులారా! ఈ పరీక్షలన్నీ పూర్తి చేసిన తరువాత కూడా ఒక పరీక్ష మిగులుతుంది. అది ఏ పుస్తకంలోనూ లేదు. దరఖాస్తుపై సంతకం చేయడానికి ముందు ఒక రోజు మీ ఊరికి దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. ఉదయం ఓ.పి. చీటీలు ఇచ్చే వేళ నుండి సాయంత్రం వరకు, ఎవరి పనికీ అడ్డు రాకుండా, ఒక బల్ల మీద కూర్చోండి. డాక్టరుగారి గది ముందు క్యూను చూడండి. రక్తం తీసే గదిలో సూదికి భయపడి ఏడ్చే పిల్లవాణ్ణి మాటలతో మరపించే మనిషిని చూడండి. మందుల కిటికీ వద్ద, చదువురాని ముసలమ్మకు ఏ మాత్ర పొద్దున వేసుకోవాలో, ఏది రాత్రికో మూడోసారి చెబుతున్న మనిషిని చూడండి. స్ట్రెచర్‌ను తోసుకొని పరుగెత్తుకు వస్తున్న 108 వాహన సిబ్బందిని చూడండి. ఆ వాసనలు, ఆ ఏడుపులు, ఆ విసుగులు మిమ్మల్ని అక్కడి నుండి వెళ్ళగొడితే, అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు; లోకంలో చేయవలసిన మంచి పనులు ఇంకా ఎన్నో ఉన్నాయి. అలాకాక, ఆ జనం మధ్య ఎవరో ఒకరి పనిని చూస్తూ మీ చేతులు మీకు తెలియకుండానే ముందుకు సాగితే, ఆ మనిషి దగ్గరకు వెళ్ళి, ఏం చదివారో అడిగి తెలుసుకోండి.